తెర మీద పాఠం – మీరే తయారు చేయండి

పిల్లలూ! అనంతపురం జిల్లా పటాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. పడమటి వైపున, రాయదుర్గం పక్కన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా గుమ్మఘట్ట మండలం కనిపిస్తుంది. వేదవతి నదిపై కట్టిన భైరవానితిప్ప జలాశయం ఇక్కడిదే. జలాశయం ఉన్నంత మాత్రాన నీళ్ళు ఉన్నట్లు కాదు. జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. రాష్ట్రంలోకెల్లా తక్కువ వాన పడే ప్రాంతం ఇది. వాన తప్పిన ఏడు కొన్ని కుటుంబాలు పని కోసం బెంగళూరు దారి పడతాయి. పెద్దవాళ్ళతో పిల్లలూ వెళతారు. రెండు నెలల తరువాత తిరిగి వచ్చి బడిలో కూర్చుంటే బల్ల అదే, పుస్తకం అదే, పాఠం మాత్రం ముందుకు పోయి ఉంటుంది.

పుస్తకంలోని పాఠమైతే పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవచ్చు. కాని కంప్యూటరులో వానల పట్టికను కమ్మీ రేఖాచిత్రంగా మార్చడం వంటి పని ఉందనుకోండి. దాన్ని నోటితో చెబితే తలకెక్కదు, నోటుపుస్తకంలో రాసి ఇస్తే అంతకన్నా గందరగోళం. పక్కన కూర్చుని చేసి చూపించాలి. ఆ చూపించేవాడికి ప్రతిసారీ తీరిక దొరకదు కదా!

దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. పని తెలిసిన విద్యార్థి ఆ పనిని తన కంప్యూటరులోనో ఫోనులోనో చేస్తూ, చేసేదాన్ని నోటితో చెబుతూ, తెర మీద జరిగేదంతా వీడియోగా పట్టి పెట్టవచ్చు. దీన్ని తెర రికార్డింగు అంటారు. నాలుగు నిమిషాల వీడియో చాలు. బెంగళూరు నుండి వచ్చిన నేస్తం దాన్ని ఆపుకుంటూ, వెనక్కి జరుపుకుంటూ, పదిసార్లయినా చూసుకుంటాడు. పదోసారి కూడా వీడియో విసుక్కోదు.

ఎట్లా చేయాలో చెబుతాను. ముందుగా అది ఎట్లా పని చేస్తుందో తెలుసుకుందాం. పనిచేసే తీరు తెలిస్తే ఎట్లా చేయాలో సగం మీకే తెలిసిపోతుంది.

కెమెరా లేని వీడియో

మీలో కొందరు ఒక ఫోనుతో కంప్యూటరు తెరను వీడియో తీసి చూసే ఉంటారు. తెర మీద నల్లని పట్టీలు పాకుతున్నట్లు కనిపిస్తాయి. కిటికీ వెలుతురు పడి సగం అక్షరాలు మాయమవుతాయి. చెయ్యి వణికితే తెరంతా వణుకుతుంది. తెర రికార్డింగులో ఈ బాధలేవీ లేవు. ఎందుకని? తెర మీద మనం చూసే బొమ్మ ముందుగా కంప్యూటరు మెమరీలో అంకెల రూపంలో తయారవుతుంది. ఆ తరువాతే వెలుగుగా మారి మన కంటికి చేరుతుంది. రికార్డరు అనే ప్రోగ్రాము ఆ వెలుగు జోలికి పోదు, ఆ అంకెలనే ఎత్తి రాసుకుంటుంది.

ఆ అంకెలు ఎన్ని? కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈనాటి కంప్యూటరు తెరల్లో చాలావాటికి అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. మొత్తం 1920 × 1080 = 20,73,600 పిక్సెళ్ళు. ఒక్కొక్క పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఎంతెంత పాళ్ళో చెప్పడానికి 3 బైట్లు కావాలి. కనుక ఒక్క నిశ్చల చిత్రానికి 62,20,800 బైట్లు. కదలిక సాఫీగా కనబడాలంటే సెకనుకు 30 చిత్రాలు చూపించాలి. వీటిని ఫ్రేములు అంటారు. అంటే సెకనుకు 18,66,24,000 బైట్లు. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. గుణించి చూడండి. సుమారు 4,479 కోట్ల బైట్లు, అనగా దాదాపు 45 గిగాబైట్లు వస్తాయి!

32 గిగాబైట్ల ఫోనులో ఇటువంటి పాఠం ఒక్కటి కూడా పట్టదు. అయితే తెర మీద కదలిక తక్కువగా ఉన్న నాలుగు నిమిషాల రికార్డింగు 15, 20 మెగాబైట్లలో ఇమిడిపోగలదు. రెండు మూడు వేల వంతుల్లో ఒక వంతు అన్నమాట. మిగిలినదంతా ఎక్కడికి పోయింది?

మారినదే రాసుకోవడం

బడిలో హాజరు తీసుకోవడం గుర్తు తెచ్చుకోండి. చేరిన మొదటి రోజు మాస్టారు ప్రతి పేరూ పిలుస్తారు. కొన్నాళ్ళు పోయాక తరగతిని ఒకసారి కలయజూసి, "ఈ రోజు ఎవరెవరు రాలేదు?" అని అడుగుతారు. ఇద్దరి పేర్లు చెబితే పని అయిపోతుంది. మిగతా వాళ్ళు వచ్చినట్లే లెక్క. రికార్డరు చేసే పని కూడా ఇదే. మొదటి ఫ్రేమును పూర్తిగా రాసుకుంటుంది. రెండో ఫ్రేములో మొదటిదానికీ దీనికీ తేడా ఉన్న చోట్లను మాత్రమే రాసుకుంటుంది. మీరు మాట్లాడుతూ మౌసు కదపకుండా ఉన్నారనుకోండి. తెర మీద ఏమీ మారలేదు. రాసుకోవలసింది కూడా దాదాపు ఏమీ లేదు.

ఈ ఆట ఆడి చూడండి. మీరూ, మీ నేస్తమూ చెరొక గ్రాఫు కాగితం తీసుకొని పది గడులు అడ్డం, పది గడులు నిలువు గీసుకోండి. ఒకరి కాగితం ఇంకొకరికి కనిపించకూడదు. మీరు కొన్ని గడులకు నలుపు వేయండి. తరువాత మొదటి గడి నుండి వందో గడి దాకా "నలుపు, తెలుపు, తెలుపు..." అంటూ చదివి చెప్పండి. నేస్తం వేసుకుంటూ పోతాడు. ఎంతసేపు పట్టిందో చూసుకోండి. ఇప్పుడు మీ బొమ్మలో మూడు గడులు మార్చి, మార్చిన గడుల వరుస సంఖ్య, గడి సంఖ్య మాత్రమే చెప్పండి. పది సెకన్లు కూడా పట్టదు. నేస్తం చేతిలో కొత్త బొమ్మ సిద్ధం!

ఈ ఆటలోనే ఒక చిక్కు కూడా బయటపడుతుంది. మూడో స్నేహితుడు మధ్యలో వచ్చి కూర్చున్నాడు. మార్పులు మాత్రం వింటున్నాడు. అసలు బొమ్మ ఏమిటో అతనికి తెలియదు. వీడియోను మధ్య నుండి చూడబోయేవాడి పరిస్థితి కూడా ఇదే. అందుకని కొన్ని సెకన్లకు ఒకసారి ఒక ఫ్రేమును మళ్ళీ పూర్తిగా రాస్తారు. దీన్ని కీ ఫ్రేము అంటారు. ఒక్కొక్కసారి వీడియోను వెనక్కి జరిపితే మీరు వేలు పెట్టిన చోట కాక కొంచెం ముందునో వెనకనో మొదలవుతుంది, గమనించారా? దగ్గరలో ఉన్న కీ ఫ్రేము దగ్గరికి పోయిందని అర్థం.

తేడాలను మాత్రమే పంపాలనే ఆలోచన కంప్యూటర్లకంటే పాతది. టెలివిజన్ ఇంకా ప్రయోగశాలల్లో ఉన్న రోజుల్లో, 1929లోనే, రే డేవిస్ కెల్ అనే ఇంజనీరు దీనికి పేటెంటు పొందాడు.

రాళ్ళ చేను, చదును చేను

రెండో ఉపాయం ఒక్క ఫ్రేము లోపల జరుగుతుంది. చిత్రాన్ని 8 × 8 పిక్సెళ్ళ చిన్న గడులుగా విడగొడతారు. ఒక్కొక్క గడిలో 64 పిక్సెళ్ళు. 64 అంకెలూ విడివిడిగా చెప్పాలా? మీ చేను సంగతి ఆలోచించండి. చేను ఒకే తీరుగా వాలి ఉంటే, ఎగువ గట్టు దగ్గర ఎత్తెంత, వాలు ఎంత అని చెబితే సరిపోతుంది. అడుగడుగునా కొలవనక్కరలేదు. రాళ్ళూ గుంతలూ ఉన్న చేనయితే అన్నీ కొలవాల్సిందే. ఆకాశం బొమ్మ చదును చేను. గడిలో సగటు వెలుగు ఎంత, అది ఎంత నెమ్మదిగా మారుతోంది అనే రెండు మూడు అంకెలతో పని తీరిపోతుంది. తెల్లని కాగితం మీది నల్లని అక్షరం మాత్రం రాళ్ళ చేను. తెలుపు నుండి నలుపుకు ఒక్క పిక్సెల్ దూరంలో దూకుతుంది.

ఇట్లా నెమ్మది మార్పులను, వేగం మార్పులను వేరు చేసే గణితానికి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం అని పేరు. పదో తరగతి త్రికోణమితిలో మీరు చదివే కొసైన్ ఇదే. "త్రికోణమితి దేనికి పనికొస్తుంది సార్?" అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది. 1974లో దీన్ని పరిశోధన వ్యాసంగా ప్రకటించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. అహ్మద్ 1940లో పుట్టింది బెంగళూరులో. అవును, మన వాళ్ళు కూలికి పోయే ఆ బెంగళూరే. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళారు. 1966 నుండి ఐదు దశాబ్దాలకు పైగా ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు. మీ ఫోనులోని ఫోటోలూ, మీరు చూసే వీడియోలూ ఎక్కువ భాగం వీరి గణితం మీదనో, దాని నుండి పుట్టిన రూపాల మీదనో నడుస్తున్నాయి.

ఈ గణితం సాయంతో వేగం మార్పులను కొంత వదిలేసి ఫైలు తగ్గిస్తారు. ఆకాశం బొమ్మకు ఆ నష్టం కంటికి ఆనదు. అక్షరానికి మాత్రం అంచులు చెదిరి మసకబారుతుంది. తెలుగు అక్షరాలకు ఈ దెబ్బ మరీ ఎక్కువ. చిన్న అక్షరాలలో ముందుగా మాసిపోయేవి ఒత్తులే. "వర్షపాతం" అన్న మాటలో ర కింద ఏముందో తేల్చుకోలేక చూసేవాడు తెర దగ్గరికి జరుగుతాడు. కాబట్టి మీ పాఠంలో అక్షరాలు మామూలుకంటే పెద్దవిగా ఉండాలి. కంప్యూటరులో కంట్రోల్ మీట నొక్కి పట్టి మౌసు చక్రం తిప్పితే చాలా ప్రోగ్రాముల్లో పేజీ పెద్దదవుతుంది. మీ పాఠం చూసేది అరచేయంత ఫోనులో అని మరిచిపోకండి.

ఇక పాఠం తయారు చేద్దాం

విషయం చిన్నదిగా ఎంచుకోండి. "కంప్యూటరు నేర్చుకుందాం" అన్నది పాఠం కాదు, సముద్రం. "నెలవారీ వానల పట్టికకు కమ్మీ రేఖాచిత్రం గీయడం" అన్నది పాఠం. మీ బడిలో వర్షమాపకం ఉంటే ఆ కొలతలనే తీసుకోండి. లిబ్రె ఆఫీస్ కాల్క్ ఉచితంగా దొరికే ప్రోగ్రాము. ఒక నిలువు వరుసలో నెలల పేర్లు, పక్క వరుసలో మిల్లీమీటర్లు వేసి, రెండింటినీ ఎంచుకొని, ఇన్సర్ట్ మెనూలో చార్ట్ నొక్కితే పని మొదలవుతుంది.

రికార్డు చేయడానికి ముందు చెప్పబోయే మాటలు కాగితం మీద రాసుకోండి. ఇది చాలామందికి నచ్చదు. "నాకు తెలిసిందే కదా, అలా చెప్పేస్తాను" అంటారు. తెలిసినవాడే ఎక్కువ దాటేస్తాడు! రాసిన దాన్ని ఆ పని తెలియని చెల్లెలికో తమ్ముడికో ఇచ్చి, అందులో ఉన్నట్లు చేయమనండి. మీరు పక్కన నోరు మెదపకుండా కూర్చోండి. ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట.

మాట్లాడే తీరులో ఒక్క నియమం చాలు. నొక్కే ముందు దాని పేరు చెప్పండి. "ఇక్కడ నొక్కితే ఇది వస్తుంది, తరువాత ఇక్కడ" అన్నారనుకోండి. చూసేవాడి కన్ను తెరకు ఇంకో మూల ఉంటే ఏ "ఇక్కడ"? అట్లా కాక, "పై వరుసలో ఇన్సర్ట్ అని ఉంది చూడు. దాని మీదికి బాణం తెస్తున్నాను. ఇప్పుడు నొక్కుతున్నాను" అనండి. చెప్పి, ఒక క్షణం ఆగి, అప్పుడు నొక్కండి. బాణాన్ని ఊరికే గిరగిరా తిప్పవద్దు. తెరలో కదిలే వస్తువు ఒక్కటే ఉంటే కన్ను దాని వెంటే పోతుంది. పైగా మారేది తక్కువైతే ఫైలూ తక్కువ. కదిలే బొమ్మల నేపథ్యం, పైకీ కిందికీ పేజీ జరపడం కూడా ఇందుకే మానుకోవాలి. వెనక సంగీతం పెట్టాలని కొందరికి సరదా. అది సినిమాకు అందం, పాఠానికి అడ్డం.

రికార్డరు కోసం డబ్బు పెట్టనక్కరలేదు. ఆండ్రాయిడ్ 11 నుండి, అంటే 2020 నుండి, తెర రికార్డరు ఫోనులోనే ఉంటోంది. తెరను పై నుండి కిందికి లాగితే కనిపించే బొమ్మల్లో వెతకండి. అంతకు ముందరి ఫోన్లలోనూ కొన్ని కంపెనీలు సొంతంగా పెట్టాయి. విండోస్ 10, 11 కంప్యూటర్లలో విండోస్ మీటతో జి నొక్కితే గేమ్ బార్ వస్తుంది. పేరు చూసి ఆటలకే అనుకోకండి, మామూలు ప్రోగ్రామునూ రికార్డు చేస్తుంది. అయితే ఒక్క ప్రోగ్రాము కిటికీని మాత్రమే పడుతుంది. మొత్తం తెర కావాలంటే 2012లో మొదటిసారి విడుదలైన ఓబీఎస్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. లైనక్సులోనూ అది పనిచేస్తుంది. సెట్టింగుల్లో తెర కొలత 1280 × 720, సెకనుకు 15 ఫ్రేములు అని పెట్టుకుంటే మన పనికి సరిపోతుంది. ఇందాకటి లెక్కను ఈ అంకెలతో మళ్ళీ చేయండి. అసలు బైట్లు నాలుగో వంతుకన్నా తగ్గిపోతాయి.

మైకు ఆన్ చేశారా? ఫోను రికార్డర్లలో మైకు విడిగా ఎంచుకోవాలి, లేకుంటే మూగ పాఠం తయారవుతుంది. పది సెకన్లు రికార్డు చేసి విని చూడండి. మన మిట్ట మీద ఆషాఢం గాలి సంగతి తెలుసు కదా! గాలి నేరుగా మైకుకు తగిలితే బుసబుసమనే చప్పుడు మాటను మింగేస్తుంది. తలుపు, కిటికీ మూసి, రేకుల కప్పు లేని గదిలో, గోడకు ఒక బొంతో దుప్పటో వేలాడదీసి కూర్చోండి. గోడల నుండి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బొంత పీల్చుకుంటుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి.

మధ్యలో మాట తడబడితే కంగారుపడి మొదటి నుండి మొదలుపెట్టకండి. మూడు సెకన్లు మౌనంగా ఉండి ఆ వాక్యం మళ్ళీ చెప్పండి. తరువాత కత్తిరించుకోవచ్చు. తప్పు మీట నొక్కితే మాత్రం కత్తిరించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. "తప్పు నొక్కాను, కంట్రోల్ పట్టి జెడ్ నొక్కితే వెనక్కి పోతుంది" అని అక్కడే చూపించండి. చూసేవాడూ అదే తప్పు చేయబోతున్నాడు. దాన్ని సరిదిద్దడం అతనికి పాఠంకన్నా విలువైనది.

ఒక హెచ్చరిక. రికార్డరుకు మంచీ చెడ్డా తెలియదు. మధ్యలో ఇంట్లోవాళ్ళ సందేశమో, బ్యాంకు పంపిన ఓటీపీయో తెర మీద మెరిస్తే అదీ పాఠంలో చేరిపోతుంది. మొదలుపెట్టే ముందు ఫోనును విమానం గుర్తు మీద పెట్టండి. పాస్‌వర్డ్ కొట్టే ఘట్టం ఎప్పుడూ రికార్డు చేయకండి. కొన్ని బ్యాంకు యాప్‌లు రికార్డింగులో నల్లగా కనిపిస్తాయి. అది చెడిపోవడం కాదు, ఆ యాప్ కావాలనే తెర ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

ఒకే తెర, రెండు గొంతులు

తెరను పట్టి చూపే ప్రోగ్రాములు 1990ల నుండే ఉన్నాయి. ఈ రకం వీడియోలకు "స్క్రీన్‌కాస్ట్" అనే పేరు 2004లో స్థిరపడింది. అదే ఏడాది అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే ఆయన (సినిమా నటుడు కాదు!) వేరే ఊళ్ళో ఉన్న బంధువుల అమ్మాయికి దూరం నుండి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. 2006 నుండి ఆ పాఠాలను వీడియోలుగా పెట్టాడు. నల్లని తెర మీద రంగు గీతలు, వెనక గొంతు, అంతే. ముఖం కనిపించదు. ఖాన్ అకాడమీ పుట్టింది అట్లాగే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ బొంబాయి ఐఐటీలో ఆచార్య కణ్ణన్ మౌద్గల్య నడిపిన స్పోకెన్ ట్యుటోరియల్. ఉచిత సాఫ్ట్‌వేర్లను పది నిమిషాల తెర రికార్డింగులతో నేర్పే పథకం ఇది. మాటలు ముందుగా రాసి, ఆ విషయం తెలియనివాళ్ళ చేత పరీక్ష చేయించి, ఆ తరువాతే రికార్డు చేస్తారు. పాఠం చూసేవాడు తెరను రెండుగా పంచుకొని, ఒక సగంలో వీడియో, ఇంకొక సగంలో అసలు ప్రోగ్రాము పెట్టుకొని, చూసిన ప్రతి అడుగూ వెంటనే చేయాలి. అన్నిటికన్నా తెలివైన పని ఇంకొకటి ఉంది. తెర మీది బొమ్మను అట్లాగే ఉంచి గొంతు మాత్రం మార్చి తెలుగు, కన్నడం, తమిళం వంటి భారతీయ భాషల్లో పాఠాలు తయారు చేస్తారు.

గుమ్మఘట్ట వంటి సరిహద్దు ఊళ్ళలో ఇది చాలా ముఖ్యం. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కంప్యూటరు తెర మీద ఇంగ్లీషు. మూడు భాషల మధ్య ఒక పిల్లవాడు నలిగిపోతుంటాడు. మీ తెలుగు పాఠం తయారైన తరువాత, కన్నడం బాగా వచ్చిన నేస్తాన్ని కూర్చోబెట్టి, వీడియో శబ్దం తీసివేసి, అదే చోట అదే మాట కన్నడంలో చెప్పించండి. తెర పని మళ్ళీ చేయనక్కరలేదు. ఫైలులో బొమ్మ వేరు, శబ్దం వేరు పొరలుగా ఉంటాయి కనుక ఒకటి తీసి ఇంకొకటి పెట్టవచ్చు. రెండు భాషల్లో వాక్యాల పొడవు ఒకటి కాదు, కాబట్టి మొదటి రికార్డింగులోనే ప్రతి అడుగు తరువాత కొంచెం విరామం వదలండి.

ఈ నెల చేయవలసిన ప్రయోగం: మీ ఫోనులో సరిగ్గా ఒక నిమిషం పాటు ఏమీ కదపకుండా తెర రికార్డు చేయండి. మళ్ళీ ఒక నిమిషం పాటు పొడవైన పేజీని ఆపకుండా పైకీ కిందికీ జరుపుతూ రికార్డు చేయండి. మూడోసారి ఒక నిమిషం కదిలే బొమ్మల వీడియో నడిపి రికార్డు చేయండి. మూడు ఫైళ్ళ సైజులనూ పట్టికలో రాసి, కాల్క్‌లో కమ్మీ రేఖాచిత్రం గీయండి. ఆ గీయడాన్నే నాలుగు నిమిషాల పాఠంగా రికార్డు చేసి, ఈ నెల బడికి రాలేకపోయిన నేస్తానికి పంపండి.